జాలి అని చెప్పి కొన్న చేప

తలుపు మూశాక 12వ రోజు
నీరు: 20 లీటర్లు. వేడి: 27. నివాసులు: ఒకటి.
కొన్న కారణం: జాలి.
వ్యాఖ్యలు:

ఈ నీళ్ల పుస్తకం ఇచ్చేటప్పుడు ఇన్‌స్పెక్టరు ఓబులేసు గారు "వ్యాఖ్యల గడి అవసరమైతేనే నింపండి" అన్నారు. ఏది అవసరమో చెప్పలేదు. ఎండాకాలం పైతలుపు మూసిన నూటయాభై రోజులూ, నేల కింద ఉన్న మా లోనూరులో తాగని, వండని, ఒళ్లు కడగని నీళ్లు ఎవరింట్లో నిలవున్నా ఇలా రోజువారీ రాయాలి. మా ఇళ్ల వరసలో ఇంతవరకు ఎవరికీ అలాంటి నీళ్లు లేవు. ఇలాంటి పుస్తకం మొదటిది నాదే.

చెప్పు పట్టీ తెగి మద్దిలేటి దుకాణానికి వెళ్లాను. దువ్వెనలు, గుండీలు, చెప్పు పట్టీల పక్కన గోడకు మూడు అరల్లో చేపలు. పై అరలోవి పెద్ద సీసాల్లో బాగానే ఉన్నాయి. మూడో అరలో ఫైటర్ చేపలు, టీ గ్లాసంత సీసాల్లో, ఒక్కో సీసాలో ఒకటి. ఒక చేప పక్కకు ఒరిగి ఉంది. రెక్కలు చినిగి, దారం పోగుల్లా వేలాడుతున్నాయి.

"ఇది బతికే ఉందా?" అన్నాను.

"బతికే ఉండాది మేడమ్. పొద్దున కదిలె."

"నీళ్లు ఎప్పుడు మార్చారు?"

"మార్చేకి యాడుండాయి మేడమ్ నీళ్లు? మారిస్తే వృథా అని రాస్తారు."

ఆయన చెప్పింది నిజం. చేపల నీళ్లు మార్చడం వృథా పట్టికలో ఆరో వరసలో ఉంది. నేను పనిచేసేది నీటి పరీక్షల గదిలో కాబట్టి ఆ పట్టిక నాకు నోటికి వచ్చు. ఆ సీసా మూత తీస్తే వచ్చిన వాసన ఏమిటో కూడా తెలుసు. చేపకు ఊపిరాడదని చెప్పే గడి మాత్రం మా పట్టికల్లో ఎక్కడా లేదు.

కొన్నాను. గల్లా దగ్గర కారణం పెట్టె ఎర్రగా వెలిగి "కారణం?" అంది. పెద్ద కరువొచ్చిన ఏడు నుంచి ఏం కొన్నా దానికి కారణం చెప్పాలి. ఆ కారణాలన్నీ కేటాయింపు యంత్రానికి వెళ్తాయి. ఏ దుకాణానికి ఏం పంపాలో, వచ్చిన సరుకును ఎలా ఉంచాలో అదే చీటీ రాసి పంపుతుంది. ఊరందరూ అన్నిటికీ "అవసరం" అంటారు. మా పక్కింటి ఖాసింబీ అక్క గాజులకు కూడా అవసరమే అంటుంది.

నాకు చేప అవసరం లేదు. యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదివినందువల్ల ఈ ఉద్యోగం రాలేదు గాని ఈ జబ్బు మాత్రం పట్టుకుంది. మనుషులకు అబద్ధం చెప్పినంత సులువుగా పెట్టెకు చెప్పలేను.

"దీన్ని చూస్తే జాలేసింది" అన్నాను.

వెనకాల దువ్వెన పట్టుకుని నిలబడిన ఆయన నా వైపు చూశాడు. పెట్టె కూడా కాస్త ఆలోచించినట్టుంది. తర్వాత పచ్చగా వెలిగింది.

చెప్పు పట్టీ మర్చిపోయాను.

14వ రోజు
నీరు: 20. వేడి: 27. నివాసులు: ఒకటి.

ఖాసింబీ అక్క వచ్చి తొట్టి ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"తినేకా?"

"పెంచుకోడానికి అక్కా."

"ఇది పెరిగేది కూడా ఉండాదా?"

ఇంటికెళ్లి బట్టల పెట్టెలోంచి ఎండిన బాదం ఆకు తెచ్చింది. పోయిన చలికాలం పైకి పోయినప్పుడు ఏరుకున్నవట. ఆకు నీళ్లలో వేస్తే చేపల పుండ్లు మానతాయని వాళ్ల నాయన చెప్పేవాడట. సాయంత్రానికి నీళ్లు పల్చటి టీ రంగుకు వచ్చాయి. చేప ఆకు కిందికి వెళ్లి కూర్చుంది.

రోజుకో లీటరు మారుస్తున్నాను. అది నా స్నానం కోటాలోది కాబట్టి వృథా కిందికి రాదు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. కుర్చీలు మాత్రం కొంచెం దూరం జరిగాయి.

19వ రోజు
నీరు: 20. వేడి: 28. నివాసులు: రెండు.
కొన్న కారణం: జాలి.

చెప్పు పట్టీ కోసం వెళ్లాను. నేను కొన్న చేప స్థానంలో ఇంకో చేప ఉంది. ఎర్రది. ఒక కన్ను బఠాణీలా ఉబ్బి బయటికి వచ్చింది.

కొంటే ఆ సీసాలోకి ఇంకొకటి వస్తుంది. కొనకపోతే ఇది పోతుంది. ఇలాంటి ప్రశ్న మీద యూనివర్సిటీలో పదిహేను పేజీల వ్యాసం రాశాను. మంచి మార్కులే వచ్చాయి. చివరికి ఏమని తేల్చానో గుర్తులేదు.

పెట్టెకు జాలి అని చెప్పాను. ఈసారి వెంటనే పచ్చగా వెలిగింది.

ఫైటర్ చేపలు ఒకదాన్నొకటి చూస్తే కొట్టుకుంటాయి. తొట్టి మధ్యలో నాపరాయి పలక నిలబెట్టాను. చెప్పుకు ప్రస్తుతానికి దారం కట్టాను.

24వ రోజు
నీరు: 20. వేడి: 28. నివాసులు: ఒకటి.

ఎర్రది పోయింది. "తొలగింపు" గడిలో మూడు మాటలున్నాయి: బదిలీ, ఆహారం, మరణం. మరణం చుట్టూ సున్న చుట్టాను.

26వ రోజు
నీరు: 20. వేడి: 27. నివాసులు: రెండు.
కొన్న కారణం: జాలి.

ఒళ్లంతా ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలున్న చేప. వివరాలు రాయాలనిపించడం లేదు.

31వ రోజు
నీరు: 20. వేడి: 27. నివాసులు: రెండు.

ఈరోజు నిజంగా చెప్పు పట్టీ కోసమే వెళ్లాను. మూడో అర అక్కడ లేదు. గల్లా పక్కకు, సరిగ్గా నా కళ్ల ఎత్తుకు మార్చారు. సీసాల్లో నీళ్లు సగమే ఉన్నాయి. గాలి గొట్టం తీసేశారు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఉన్నాయి.

"ఇలా ఎందుకు పెట్టారు?" అన్నాను.

మద్దిలేటి గల్లా కిందనుంచి చీటీ తీసి ఇచ్చాడు. ఇక్కడ యథాతథంగా ఎక్కిస్తున్నాను:

"మూడో అర చేపలు. కారణం: జాలి. అమ్మకం: మిక్కిలి బాగున్నది. నీరు సగము చేయవలెను. గాలి గొట్టము అక్కరలేదు. కంటి ఎత్తున ఉంచవలెను. మొదటి అర చేపలు, ఆరోగ్యముగా నున్నవి: అమ్మకం లేదు. ఇకపై పంపబడవు."

రెండుసార్లు చదివాను.

"నీళ్లు సగం చేస్తే చస్తాయి కదా."

"నేనూ అదే అనుకున్యా మేడమ్. మళ్లా, రాసినోనికి తెల్దా అనుకున్యా."

"రాసింది యంత్రం."

"అదే. యంత్రానికి తెల్దా అని."

"జాలి అని ఇంకా ఎంతమంది చెప్పారు?"

ఆయన తల గోక్కున్నాడు. "మీరే మేడమ్. మూడుమార్లు. అంతకుముందు ఈ అరలోది ఏడాదికి ఒకటి అమ్ముడుపోతే గొప్ప."

మీరు ఈ చీటీ పాటించకపోతే ఏమవుతుంది అని అడిగాను. దుకాణం గది తీసేసుకుంటారట. గది లేనివాళ్లను పైపనికి పంపుతారు. మద్దిలేటి ఇరవయ్యేళ్లు నాపరాయి కోసిన మనిషి. మాట్లాడేటప్పుడు ప్రతి నాలుగో మాటకు ఆగి దగ్గుతాడు. పైన ఈ ఎండలో ఆయన ఎన్నాళ్లుంటాడో లెక్క వేయడానికి నీటి పరీక్షల గది అక్కర్లేదు.

ఏమీ కొనకుండా వచ్చేశాను. పట్టీ కూడా కొనలేదు. పెట్టె కారణం అడుగుతుందని భయమేసింది.

39వ రోజు
నీరు: 20. వేడి: 28. నివాసులు: రెండు.

ఎనిమిది రోజులు దుకాణం వైపు వెళ్లలేదు. కొనకపోతే అమ్మకం పడిపోతుంది, పడిపోతే పంపడం మానేస్తారు అనుకున్నాను. పుస్తకాల్లో అలాగే ఉంటుంది.

ఖాసింబీ అక్క కబురు తెచ్చింది. చేపలు చచ్చిపోయి మూడు సీసాలు ఖాళీ అయ్యాయట. కొత్త చీటీ వచ్చిందట. అమ్మకం తగ్గినందున జాలి చాలలేదని భావించి, నీరు మరో పావు తగ్గించమన్నదట.

"నువ్వు కొంటే సచ్చె, కొనకుంటే సచ్చె" అంది అక్క. "నీకంటే ఆ యంత్రమే నయం మే, ఒక మాట మింద ఉండాది."

"నేనేం చేయాల్సింది అక్కా?"

"అవసరమని చెప్పింటే పాయె. ఊరంతా అదే చెప్తాంది. నీకొక్కదానికే నిజం పుట్టుకొచ్చె."

"అది అబద్ధం కదా."

"పెట్టెతో చెప్తే అబద్ధమెట్లయితాది? అది నా చిన్నాయన కొడుకా?"

46వ రోజు
నీరు: 20. వేడి: 27. నివాసులు: రెండు.

తెల్ల మచ్చల చేపకు మచ్చలు రాలిపోయాయి. మొదటి చేపకు రెక్కలు పూర్తిగా మొలిచాయి. దాని అసలు రంగు నీలం అని నాకు ఈ వారమే తెలిసింది. నిన్నటి నుంచి నీటి పైన, ఆకు అంచున, నోటితో బుడగలు ఊది గూడు కడుతోంది. ఒంట్లో బాగున్న మగచేప ఇలా కడుతుందని చదివాను. ఆడచేప లేకపోయినా కడుతుందట. ఇందులో నేను నేర్చుకోవాల్సిందేమైనా ఉందా అని ఆలోచించి, లేదని తేల్చుకున్నాను.

దాన్ని చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. యంత్రానికి బాగున్న చేప అమ్ముడుపోతుందని తెలియాలి. ఊళ్లో బాగున్న ఫైటర్ చేప నా దగ్గరే ఉంది.

ఇది నిజాయితీయా కాదా అని ఒక పేజీ రాసి చింపేశాను. పుస్తకంలో పేజీ చింపడం నేరమని అట్ట మీద ఉంది. ఇరవై ఒకటో పేజీ చింపింది నేనే.

48వ రోజు
నీరు: 20. వేడి: 27. నివాసులు: పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం రెండు.
కొన్న కారణం: బాగుంది.

నీలం చేపను క్యారియర్ గిన్నెలో పెట్టుకుని వెళ్లాను.

"వాపసు తీసుకునే ఏర్పాటు ల్యాదు మేడమ్" అన్నాడు మద్దిలేటి.

"వాపసు కాదు. మొదటి అరలో పెట్టండి. నేనే కొంటాను."

"మీ చేపను మీరే కొంటారా?"

"అవును."

ఆయన కాసేపు నన్ను చూశాడు. "సదువుకున్నోళ్లు" అని తనలో తాను అనుకుని ఉన్న సీసాల్లో పెద్దది కడిగాడు.

చట్టం ప్రకారం సరుకు అరలో ఒక పూట ఉంటేనే అమ్మాలి. ఆ పూటంతా స్టూలు మీద కూర్చుని సీసాకు కాపలా కాశాను. సీసాలోంచి చూస్తే దానికి మూడో అర కనిపిస్తుంది. అది ఆ అరను గుర్తుపట్టిందా అని అనుమానమేసింది. రెక్కలు మాత్రం ముడుచుకుంది.

"ఆరోగ్యంగా, అందంగా ఉంది. అందుకే" అన్నాను పెట్టెతో. పచ్చదీపం వెలగడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికి వచ్చేసరికి బుడగల గూడు పగిలిపోయి ఉంది. మళ్లీ మొదలుపెట్టింది. నేను దాన్ని కాపాడానో వాడుకున్నానో తెలియడం లేదు.

57వ రోజు
నీరు: 20. వేడి: 28. నివాసులు: రెండు.

చీటీ: "మొదటి అర: ఒక అమ్మకం. అదే చేపను అదే మనిషి కొనుట చెల్లదు. వేరొకరు కొనవలెను."

వేరొకరంటే నాకు ఖాసింబీ అక్కే.

60వ రోజు
నీరు: 20. వేడి: 28. నివాసులు: రెండు.

అక్కకు రెండు రోజులు తర్ఫీదు ఇచ్చాను. పెట్టె అడగ్గానే "చేప బాగుంది" అనాలి. అంతకుమించి ఒక్క మాట వద్దు. రొట్టెలు కాలుస్తూ, బట్టలు ఆరేస్తూ అనేక విధాలుగా అని చూపించింది.

నీలం చేప మళ్లీ పూటంతా అరలో ఉంది. సాయంత్రం అక్క కొంగు సర్దుకుని గల్లా దగ్గరికి వెళ్లింది. నేను దువ్వెనలు చూస్తున్నట్టు నిలబడ్డాను.

"కారణం?" అంది పెట్టె.

"అవసరం" అంది అక్క.

పచ్చదీపం.

నేను చేతిలోని దువ్వెన అరలో పెట్టేశాను.

"నోటికి అలవాటు మే" అంది అక్క. "ముప్పయ్యేండ్లు ఒకే మాట చెప్పిన నోరు. రెండు దినాలకు మారతాదా?"

పుస్తకం ప్రకారం ఇప్పుడు నీలం చేప ఆమెది, నీళ్లు నావి. దారిలో రెండుసార్లు అంది, "నా చేపను బాగ చూసుకో" అని.

66వ రోజు
నీరు: 20. వేడి: 27. నివాసులు: రెండు.

మద్దిలేటి తనే మా ఇంటికి వచ్చాడు. మెట్లెక్కి వచ్చినందుకు చాలాసేపు దగ్గాడు. నీళ్లిస్తే సగం తాగి, మిగతా సగం తొట్టి వైపు చూసి, మళ్లీ తాగాడు.

చీటీ: "మొదటి అర చేపలు. కారణం: అవసరం. బియ్యము, ఉప్పు, సబ్బులతో సమానముగా చూడవలెను. నీరు పూర్తిగా ఇవ్వబడును; మార్చుట వృథా కాదు. గాలి గొట్టము అమర్చబడును. మూడో అర చేపలు. కారణం: జాలి. జాలి అని చెప్పినవారు వచ్చి అవసరమని చెప్పినచో మార్చబడును. 75వ రోజు దాటినచో నీరు మరల పావు తగ్గించవలెను."

దేనికి అవసరమో యంత్రం అడగలేదు. బియ్యానికి కూడా అడగదు.

"ఇంగ ఆరుండాయి మేడమ్ మూడో అరలో" అన్నాడు మద్దిలేటి. "ఈసారి తగ్గిస్తే సీసాలో తడి ఉంటాది, నీళ్లుండవు."

"నేను వచ్చి చెప్పాలన్నమాట."

"జాలని చెప్పింది ఊర్లో మీరొక్కరే కదా."

68వ రోజు
నీరు: 20. వేడి: 27. నివాసులు: రెండు.

ఇన్‌స్పెక్టరు ఓబులేసు గారు తనిఖీకి వచ్చారు. పోయిన వారం పుస్తకాన్ని ఒక రోజు ఇంటికి తీసుకెళ్లి తిరిగి పంపారు. ఎర్ర సిరాతో "వ్యాఖ్యలు కుదించవలెను" అని మూడుచోట్ల రాసి ఉంది.

"చదివారా?" అన్నాను.

"చదివినానమ్మా. మా ఇంటామె కూడా చదివె. నీలం చేప ఎట్లుందో అడగమనె."

చూపించాను. కళ్లద్దాలు తీసి, తొట్టి దగ్గరికి వంగి, బుడగల గూడును చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీలో కూర్చుని తొడ మీద పుస్తకం పెట్టుకున్నారు.

"తప్పుడు కారణం చెప్తే ఏమైతాదో తెలుసు కదమ్మా?"

"నిలవ నీళ్ల అనుమతి రద్దు."

"తొట్టి అదే దినం వంపల్ల. చేపలుండనీ, ఏమన్నా ఉండనీ."

"ఊరంతా అన్నిటికీ అవసరమనే చెప్తున్నారు కదండీ. ఖాసింబీ అక్క కూడా. వాళ్లది తప్పు కాదా?"

"వాళ్లు పుస్తకంలో రాసుకోరమ్మా" అన్నారాయన. "మీరు రాస్తారు."

లేచి, గుమ్మం దగ్గర ఆగి, నా చెప్పుకు కట్టిన దారం వైపు చూశారు.

71వ రోజు
నీరు: 20. వేడి: 28. నివాసులు: రెండు.

రేపు వెళ్లాలి. లేదా వెళ్లకూడదు. నాలుగు రోజులే గడువు.

వెళ్లి ఆ మాట అంటే మూడో అరలో ఆరు చేపలకు నీళ్లు వస్తాయి. ఆ మాట అన్నాక, అది అబద్ధమని ఇక్కడ రాస్తే నా తొట్టిలో రెండింటికీ నీళ్లు పోతాయి. ఆ మాట అన్నాక రాయకపోతే ఈ పుస్తకం పోతుంది. పుస్తకమంటే అట్ట, కాగితాలు అని కాదు, ఇందులో రాసిన నిజం. అనకపోతే ఏమవుతుందో చీటీలో ఉంది.

ఒక విషయం రాయకుండా దాటేస్తూ వచ్చాను. జాలి అని చెప్పి పచ్చదీపం వెలిగినప్పుడు మూడుసార్లూ నాకు బాగా అనిపించింది. ఇంటికి వచ్చేదాకా, తెగిన చెప్పుతో కూడా, తేలిగ్గా నడిచాను. ఆ సంతోషానికి కూడా ఒక సీసా కావలసి వచ్చిందేమో. అందులో నీళ్లు ఎన్ని తగ్గించారో యంత్రం చీటీలో ఉంది.

అక్క ఇప్పుడే వచ్చి తొట్టి చూసి వెళ్లింది.

"రేపు నేనూ వస్తా" అంది. "నువ్వు మళ్లా నిజం చెప్తావేమోనని."

"చెప్పనక్కా."

"నోట్లో నీళ్లు పోసుకుని రా. ఒక్క మాటకు మాత్రం ఉమ్మెయ్."

ఏదైనా కొంటేనే పెట్టె కారణం అడుగుతుంది కాబట్టి, రాబోయే మూడో చేపకు ఇంకో నాపరాయి పలక కావాలి. సిద్ధం చేసి పెట్టాను. అంటే వెళ్తానన్నమాట.

79వ రోజు
నీరు: 20 లీటర్లు. వేడి: 27. నివాసులు: మూడు.
కొత్త నివాసి: 72వ రోజున, మూడో అర నుంచి.
కొన్న కారణం: అవసరం.
వ్యాఖ్యలు: ఈరోజు చెప్పు పట్టీ తెచ్చుకున్నాను. దుకాణంలో గాలి గొట్టాల చప్పుడుకు మద్దిలేటి ఏమన్నాడో వినపడలేదు.